తలుపు చాటు ముద్ద

1983 జూన్ 5, ఆదివారం. ఆ రోజు మోతెలో ఈదయ్య తిన్నది నాటుకోడి కూర, మినప గారెలు, చివర్న పచ్చిపులుసు పోసుకున్న అన్నం. కొత్త అల్లుడిగా అత్తగారింట్లో అతను తిన్న మొదటి భోజనం అది. నలభై ఏళ్లు దాటినా ఆ గారెల కరకర ఇంకా పంటి కిందే ఉన్నట్టు ఉంటుంది. కూర మాత్రం ఉప్పు కషాయం.

ఆ ఉప్పు కన్నా బాగా గుర్తున్నది ఒక చెయ్యి. వంటింటి తలుపు ఒక రెక్క మూసి ఉంది. ఆ రెక్క చాటు నుంచి ఆకుపచ్చ మట్టిగాజులున్న చెయ్యి గిన్నె పట్టుకుని బయటికి వచ్చేది. సుమతి ఆ గిన్నె అందుకుని అతని విస్తట్లో వడ్డించేది. చెయ్యి మళ్లీ లోపలికి పోయేది. అది అత్తగారు సువర్ణమ్మ చెయ్యి. మనిషి కనపడలేదు. అల్లుడి ముందుకు రావడం, అల్లుడితో ముఖాముఖి మాట్లాడటం ఆవిడ పుట్టింట్లోనూ లేవు, మెట్టినింట్లోనూ లేవు. ఇక అల్లుడు చూస్తుండగా అన్నం తినడమంటే, అది ఆవిడ ఊహకు కూడా అందని సంగతి.

"కూర ఎట్లున్నదో అడుగు బిడ్డా," అంది తలుపు.

"ఉప్పు జర ఎక్కువైంది," అన్నాడు ఈదయ్య. అప్పటికతనికి నిజం చెప్పే వయసు.

సుమతి తలుపు వైపు తిరిగి, "మస్తుగున్నదట అమ్మా. ఇంకింత ఎయ్యమంటున్నడు," అంది.

ఇంకో గరిటె కూర వచ్చింది. అతను మారు మాట్లాడకుండా తిన్నాడు. సుమతి తల వంచుకుని నవ్వు ఆపుకుంటుంటే ముక్కుపుడక అదురుతూ ఉంది.

ఆ తర్వాత బతుకంతా సుమతి ఆ ఇద్దరి మధ్యా మాటలు మోసింది. మోసేటప్పుడు వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎన్నడూ చేర్చలేదు. ఇటు చేదు అటు పోయేసరికి కాస్త తీపి అయ్యేది. అటు దిగులు ఇటు వచ్చేసరికి చిన్న పని అయ్యేది. 'అమ్మకు మోకాళ్లు గుంజుతున్నయట' అనేది కాదు, 'వచ్చేటప్పుడు నొప్పుల నూనె తెస్తవా' అనేది. అలా ఎవరి మనసూ నొప్పి పడకుండానే ఏళ్లు గడిచాయి.

నాలుగేళ్ల కింద సుమతి పోయింది. కూతురికి సేవ చేయడానికని మోతె నుంచి మిర్యాలగూడ వచ్చిన సువర్ణమ్మ ఆ తర్వాత వెనక్కి పోలేదు. ఒక్కతే కూతురు. భర్త ఎప్పుడో పోయాడు. అల్లుడింట్లో అత్తకేం పని అని బంధువులు గొణిగారు. ఆవిడ మాత్రం పొద్దున లేచి పొయ్యి వెలిగించింది, అంతే. మాటలు మోసే మనిషి లేకుండా పోయింది కాబట్టి, ఆ పని సుమతి ఫోటోకు అప్పజెప్పింది. ఫోటో హాల్లో గోడకు ఉండేది.

"సుమతీ, అన్నం సల్లారుతున్నదని జెప్పు బిడ్డా," అని వంటింట్లోంచి కేక వచ్చేది. ఈదయ్య వచ్చి కూర్చునేవాడు. కంచం అప్పటికే వడ్డించి ఉండేది. అతను తిని చెయ్యి కడిగి బయటికి వెళ్లాకే లోపల రెండో కంచం చప్పుడయ్యేది. అతను కూడా మెల్లగా ఆ పద్ధతికి అలవాటు పడ్డాడు. "సుమతీ, రేపు నేను నల్లగొండ పోతున్న, మీ అమ్మను వంట ఎక్కువ చెయ్యొద్దను," అని ఫోటోకు చెప్పేవాడు. చెబుతున్నప్పుడు భార్య ఇంట్లోనే ఉన్నట్టు ఉండేది. అదొక ఊరట. అత్తగారికి కూడా అంతే అయి ఉంటుందని అతని అనుమానం.

మొన్న వానాకాలంలో సువర్ణమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. బాగా తినాలి, బాగా నీళ్లు తాగాలి, రోజూ పట్టుకుని నడిపించాలి, లేకపోతే ఈ వయసులో ఎముక అతకదు, మనిషి మంచానికే పరిమితమవుతుంది అని డాక్టరు చెప్పాడు. పట్టుకుని లేపడానికి ఒక ఆమెను పెట్టుకున్నారు. పది దినాలు వచ్చి, కూతురి కాన్పని ఆమె పెద్దవూర వెళ్లిపోయింది. ఇంకొకరు దొరకలేదు.

తాను లేపుతానంటే సువర్ణమ్మ ఒప్పుకోదు. ఈదయ్య తలుపు దగ్గర నిలబడి ఫోటోకు ఎన్నో రకాలుగా చెప్పి చూశాడు. "నాకు తల్లి లెక్కనే అను. నన్ను కొడుకు లెక్క అనుకోమను." రెండు రోజుల తర్వాత అతను గమనించాడు, మంచం పక్కన చెంబులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉంటున్నాయి. నీళ్లు తాగితే లేవాలి. లేవాలంటే అల్లుడు పట్టుకోవాలి. అందుకని ఆవిడ నీళ్లే మానేసింది.

అప్పుడు అతను ఒక మంచి చోటు వెతకాలని నిర్ణయించుకున్నాడు. నెల, రెండు నెలలు. నడక వచ్చేదాకా.

నాణ్యత చూడటం ఈదయ్యకు కొత్త కాదు. బీఎస్సీ చదివి, ప్రభుత్వం కొనే బియ్యాన్ని పరీక్ష చేసే ఉద్యోగంలో చేరి, సర్వీసంతా మిర్యాలగూడ మిల్లుల్లో ఉడకబెట్టిన వడ్ల వాసన పీలుస్తూ గడిపాడు. ఆ పని అతనికి రెండు సంగతులు నేర్పింది. మిల్లు యజమాని చూపించే బస్తా ఎప్పుడూ మంచిదే ఉంటుంది. ఎవరి చెయ్యీ పడని, వరసల అడుగున ఉన్న బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి తీసిన గుప్పెడు బియ్యమే అసలు సంగతి చెబుతుంది. రెండోది, ఏ గోదాము తలుపు మూసి 'దీని తాళంచెవి లేదు సార్' అంటారో, ఆ తలుపు దగ్గరి నుంచి కదలకూడదు.

మనుషుల్ని చూసుకునే చోట అడుగు బస్తా ఏది? దీని గురించి అతను ఒక సాయంత్రమంతా ఆలోచించాడు. చూడటానికి ఎవరూ రాని మనిషిని వెతకాలి. ఆ మనిషి చేతి గోళ్లు చూడాలి.

మిర్యాలగూడలోనే బైపాస్ పక్కన ఒకటి ఉంది. కింద ఫంక్షన్ హాలు, పైన వృద్ధుల వార్డు. ఇంటికి దగ్గర అని ముందు దానికే వెళ్లాడు. రంగులు బాగున్నాయి. మూల మంచం మీది ముసలాయన గోళ్లు చూశాక ఇంకేమీ అడగకుండా దిగి వచ్చాడు.

రెండోది కోదాడలో. మరియమ్మ అనే ఆవిడ, నర్సుగా చేసి రిటైరై, పాత రేకుల ఇల్లొకటి బాగు చేయించి నడుపుతోంది. గోడల సున్నం పెచ్చులూడుతోంది. లోపల ఫినాయిల్ వాసన ఉంది గానీ ఇంకే వాసనా లేదు. కిటికీ పక్కన, నా అన్నవాళ్లు లేని ఒక ముసలావిడ గోళ్లకు ఎవరో గోరింటాకు పెట్టారు. ఈదయ్య ఆ ఎర్రటి గోళ్లను చూసి ఒక్క క్షణం ఆగాడు. అంతలో మరియమ్మ వచ్చింది.

"అన్నయ్య గారూ, అన్నాల వేళయింది. తలుపేస్తామండి. కాసేపు బయట కూర్చోండి."

"నేను చూడాల్నన్నది గదేనమ్మా. ఏం పెడ్తరో, ఎట్ల పెడ్తరో."

"ఏం పెడతామో వంటింట్లో చూడండి. గిన్నెలన్నీ మూతలు తీసి చూడండి, రుచి చూడండి, నాకేం అభ్యంతరం లేదు. తినేటప్పుడు మాత్రం ఎవరినీ ఉండనివ్వమండి."

తలుపు మూసుకుంది. ఈదయ్య వంటింట్లో పప్పు చూశాడు, దొండకాయ వేపుడు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మూసిన తలుపు ముందు నిలబడితే ముప్ఫై ఏళ్ల ఉద్యోగం చెవిలో ఒకటే పోరు పెట్టింది. దాచేది లేకపోతే మూయడం ఎందుకు? పోనీ రాత్రిపూట డాక్టరు ఉంటాడా అంటే, ఉండడని ఆవిడే చెప్పింది. అతను మొహం ముడుచుకుని బస్సెక్కాడు.

మూడోది సూర్యాపేటలో. మేనేజరు ప్రశాంత్ ముప్ఫై ఏళ్ల కుర్రవాడు, నడకలోనే నాలుగు పనులు చక్కబెట్టే రకం. గచ్చు అద్దంలా ఉంది. గోడ పొడుగునా పట్టుకుని నడవడానికి కడ్డీలు. రెండు పూటలా డాక్టరు. ఈదయ్య మూల మంచం వెతికాడు. అక్కడ ఒకాయన ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుని ఉన్నాడు. గోళ్లు కత్తిరించి ఉన్నాయి. అతని మోచెయ్యి తగిలే చోట మంచం ఇనుప కడ్డీకి ఎవరో మెత్తటి పాత చీర ముక్క చుట్టారు. ఆ చీర ముక్క ఈదయ్యకు నచ్చింది.

"ఇగో సార్, ప్రతి రూమ్‌ల కెమెరా. మీరు ఇంట్ల కూసోని ఫోన్‌ల చూడొచ్చు, పొద్దున, రాత్రి, మీ ఇష్టం. దాచేది ఏం లేదు మా దగ్గర," అన్నాడు ప్రశాంత్.

ఆ మాటతో ఈదయ్య మనసు కుదుటపడింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు శ్రీవాణికి ఫోన్ చేసి చెబితే, "కెమెరా ఉన్నదా? అయితే ఇంకేం ఆలోచించకు నాన్నా," అంది.

ఆ సాయంత్రం అతను గది గుమ్మం ఇవతల, సువర్ణమ్మకు కనపడకుండా నిలబడి ఫోటో వైపు చూశాడు.

"సుమతీ, సూర్యాపేటల మంచి జాగ చూసిన. నడక వచ్చేదాక అక్కడ ఉంటది. నడక రాంగనే మళ్ల మనింటికే. మీ అమ్మ ఏమంటదో అడుగు."

లోపల మంచం కిర్రుమంది.

"ఆయనకు ఏది మంచిగ అనిపిస్తె గదే అను బిడ్డా," అంది సువర్ణమ్మ. మళ్లీ కాసేపాగి, "గని, నిన్ను గూడ నాతోని పంపుతడా అడుగు."

ఈదయ్య స్టూలు వేసుకుని ఫోటో దించాడు. కొంగు లాంటి మెత్తటి బట్టతో తుడిచి, ఆవిడ బట్టల సంచిలో పైన పెట్టాడు. గోడ మీద ఫోటో మేరకు సున్నం కొత్తగా, తెల్లగా మిగిలింది.

సూర్యాపేటలో ఆవిడను చేర్పించి వచ్చిన రాత్రి, శ్రీవాణి ఫోన్‌లోనే చెబుతూ ఆ కెమెరా చూసే యాప్ అతని ఫోన్‌లో పెట్టించింది. ఈదయ్య కళ్లజోడు సవరించుకుని తెరిచాడు.

నాలుగు మంచాల గది. మూడో మంచం మీద సువర్ణమ్మ కూర్చుని, సూటిగా అతన్నే చూస్తోంది.

అతను ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో ఆవిడ ముఖం నిండుగా చూడటం అదే మొదలు. ఎప్పుడూ పక్క నుంచో, కొంగు అంచు కిందనో తప్ప చూసింది లేదు. సుమతి గడ్డమే ఆ గడ్డం. ముసలితనంలో సుమతి ఇలా ఉండేదన్నమాట. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. శబ్దం రావడం లేదు. ఫోటోకు కెమెరా కిందే మేకు దొరికినట్టుంది, కూతురితో మాట్లాడుతోందని అతనికి కాస్త ఆలస్యంగా తట్టింది.

తట్టగానే, దగ్గకుండా ఆడవాళ్ల గదిలోకి జొరబడినట్టు సిగ్గేసింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. అదీ చాలదనిపించి దాని మీద దినపత్రిక కప్పాడు. ఆ తర్వాత ఆ యాప్ ముట్టుకోలేదు.

ఇంట్లో అన్నం తనే వండుకున్నాడు. చల్లారుతోందని చెప్పేవాళ్లు లేక రోజూ చల్లారిందే తిన్నాడు.

వారం గడవకముందే శ్రీవాణి ఫోన్ చేసింది.

"నాన్నా, అమ్మమ్మ తింటలేదు. ప్లేటు పెడ్తున్నరు, గట్లనే తీస్కపోతున్నరు. పడుకుంటలేదు గూడ, పొద్దుందాక నెత్తి మీద కొంగేసుకోని గోడ దిక్కు తిరిగి కూసుంటున్నది. నువ్వు చూస్తలేవా?"

"నేనెట్ల చూస్త బిడ్డా?"

"యాప్‌ల."

"యాప్ సంగతి కాదు. అది ఆడోళ్లు పండుకునే జాగ."

"నాన్నా, అది అమ్మమ్మ."

"అందుకే," అన్నాడు ఈదయ్య.

మర్నాడు పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కాడు. బస్టాండ్‌లో దిగగానే ఉడకబెట్టిన పల్లికాయల వాసన తగిలింది. మోతె పోయేటప్పుడల్లా సుమతి ఇక్కడ ఒక పొట్లం కొనేది. సగం తను తిని, సగం కొంగున కట్టి తల్లికి దాచేది. ఈదయ్య ఒక పొట్లం కొని జేబులో పెట్టుకున్నాడు. పొట్లం కట్టిన ముసలామె అడక్కుండానే ఇంకో గుప్పెడు పైన వేసింది. ఎందుకో ఆ గుప్పెడుకు అతనికి ధైర్యం వచ్చింది.

ప్రశాంత్ నిజంగానే దిగులుగా ఉన్నాడు.

"డాక్టర్ చూసిండు సార్. బీపీ, షుగర్ అన్నీ మంచిగనే ఉన్నయి. మనసు బాగలేదేమో అన్నడు. కూర మార్చినం, జావ కాచిచ్చినం. నేను గూడ రోజూ ధైర్యం చెప్తనే ఉన్న. అవ్వా, పరేషాన్ గాకు, ఇగో ఈ కెమెరాలకెళ్లి మీ అల్లుడు నిన్ను పొద్దుందాక చూస్తనే ఉంటడు, నీ పక్కనే ఉన్నట్టు అనుకో అని."

ఈదయ్య కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. "ఆ ముచ్చట ఎప్పుడు చెప్పినవ్?"

"వచ్చిన తెల్లారే సార్."

ఆయమ్మ శ్రీలత పక్కనే ఉంది. చెప్పాలా వద్దా అని అటూ ఇటూ చూసి, "మతి తప్పిందనుకున్నం సార్," అంది. "ప్లేటు పెట్టంగనే ఆ ఫోటోతోని మాట్లాడ్తది. 'సుమతీ, నీ మొగుణ్ని జర అటు తిరుగుమను బిడ్డా, తింట' అంటది. జర సేపు సూస్తది. మళ్ల అంటది. ఇగ ప్లేటు జరిపేస్తది. లైట్లు బంద్ జేసినంక కొంగు కింద ఓ రొట్టె ముక్క తింటది, గంతే. గా రొట్టె నేనే దిండు కింద పెడ్తున్న, మా సార్‌కు జెప్పలే."

తను అక్కడ ఇంట్లో ఫోన్ మీద పేపరు కప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ ఇక్కడ ఆకలి మీద కొంగు కప్పుకుని కూర్చుంది. ఇద్దరూ ఒకరికొకరు మర్యాద చేసుకుంటూనే ఉన్నారు. మధ్యలో చెప్పే మనిషి లేదు.

"మంచి పని చేసినవమ్మా," అన్నాడు శ్రీలతతో. తర్వాత ప్రశాంత్ వైపు తిరిగి, "ఆ కెమెరా బంద్ చెయ్యరాదా?" అని అడిగాడు.

"మీ ఒక్కరి రూమ్ అయితే చేద్దును సార్. మిగతా మూడు బెడ్లోళ్లు ఊకుంటరా? మొన్న గంటసేపు నెట్ పోతేనే ఫోన్ల మీద ఫోన్లు. రేపు ఎవరన్నా పడ్డరనుకో, కెమెరా ఎందుకు ఆపినవ్ అంటరు. నా నౌకరి ఖతం." అతని మాటలో మోసం లేదు.

ఈదయ్య గది గుమ్మం దాకా వెళ్లి, లోపలికి పోకుండా దగ్గాడు. లోపల కొంగు సర్దుకున్న అలికిడి.

"సుమతీ, మీ అమ్మకు చెప్పు. నేను ఒక్కనాడే చూసిన, అది గూడ తెల్వక. మళ్ల ఆ ఫోన్ దిక్కు పోలే. ఇగ తినమను."

కాసేపటికి నీరసంగా జవాబు వచ్చింది. "ఆయన సూడకున్నా, గా కెమెరా సూస్తనే ఉన్నది గద బిడ్డా."

"ఇంటికి పోదమా అడుగు."

"ఇంట్ల గూడ నీళ్లు తాగితె లేవాల్నాయె."

ఈదయ్య గుమ్మం పక్క గోడకు ఆనుకున్నాడు. ఇక్కడ లోటు లేదు. గచ్చు, డాక్టరు, చీర ముక్క చుట్టిన కడ్డీ, దిండు కింద రొట్టె పెట్టే శ్రీలత. అతని పరీక్షలో అన్నీ గెలిచాయి. అయినా ఆవిడ గొంతు సన్నబడింది, ఇంకో వారం ఇలాగే పోతే ఎముక కాదు కదా, మనిషే నిలవదు. ఏం చూడాలో తను మర్చిపోయాడా? అప్పుడు అతనికి కోదాడలో తన ముఖం మీద మూసుకున్న తలుపు గుర్తొచ్చింది.

ప్రశాంత్ కోదాడకు కారు మాట్లాడి పెట్టాడు. తనే సువర్ణమ్మ చెప్పులు పట్టుకుని కారు దాకా వచ్చి, వంగి కాళ్ల దగ్గర పెట్టాడు. "ఏమనుకోకు అవ్వా," అన్నాడు. సువర్ణమ్మ కొంగు పళ్లతో పట్టుకుని, చెయ్యెత్తి అతని నెత్తి మీద పెట్టింది. ఆవిడకు అతనితో పరదా లేదు, అల్లుడు కాదు కదా.

ఈదయ్య ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో ఫోటో ఒళ్లో పెట్టుకుని. పల్లికాయల పొట్లం అతను వెనక్కి చూడకుండా సీటు మీద నుంచి అందించాడు. హైవే మీద లారీలు రొద చేస్తూ పోతున్నాయి. మునగాల దగ్గర ఆవిడ గొంతు వినపడింది.

"గటు పోతె మనూరే బిడ్డా. ఎడమ చెయ్యి దిక్కు. గీ ఎండకు మీ నాయిన మిరప తోటల ఉండెటోడు. నేను సద్ది తీస్కపోదును."

డ్రైవరు అద్దంలో చూడబోతే, ఈదయ్య మెల్లగా చెయ్యి అడ్డం పెట్టి అద్దాన్ని పైకి తిప్పాడు. "రోడ్డు సూడు తమ్మీ," అన్నాడు. కాసేపటికి వెనక పల్లికాయ పొట్టు చిట్లిన చప్పుడైంది. తర్వాత ఇంకోటి. కోదాడ వచ్చేదాకా అతను తల తిప్పలేదు. మెడ పట్టేసినా తిప్పలేదు.

మరియమ్మ వరండాలోనే ఎదురైంది. అతన్ని గుర్తుపట్టింది.

"మొన్న మొహం ముడుచుకుని వెళ్లిపోయారు కదండీ, చెప్పను కూడా చెప్పకుండా."

"తలుపేసినరని అలిగిన."

"చాలామంది అలుగుతారండి. కొంతమంది పోట్లాడతారు కూడా." ఆవిడ నవ్వి, లోపలికి కేకేసి, చక్రాల కుర్చీ తెప్పించింది. "మరి వేయక ఏం చేస్తాం. పెద్దవాళ్లకి చెయ్యి వణుకుతుంది, మెతుకు జారుతుంది, పక్కన మూతి తుడవాలి. చూడ్డానికొచ్చిన వాళ్లు పాపం అన్నట్టు చూస్తారు. ఆ చూపుకి ఇక వీళ్లకి ముద్ద దిగదు. అందుకే తలుపేస్తాం. మా వాళ్లు తిన్నాక మీరు ఎంతసేపు కూర్చున్నా నాకు ఆనందమే."

"రాత్రి డాక్టర్ లేడన్నరు."

"లేడండి. ఉన్నాడని అబద్ధం చెప్పను. ఆసుపత్రి రెండు వీధుల అవతల. ఆటో వాకిట్లోనే ఉంటుంది, మా వాడిదే."

ఈదయ్య తలూపాడు. బియ్యంలో రెండు నూకలు ఉన్నాయని ముందే చెప్పిన మిల్లు యజమాని అతనికి సర్వీసులో ఒక్కడే తగిలాడు. ఆయన బియ్యం ఎన్నడూ వెనక్కి పంపే అవసరం రాలేదు.

శ్రీవాణికి ఫోన్ చేసి చెప్పాడు.

"కెమెరా లేదా? మరి అమ్మమ్మ ఎట్లున్నదో మనకెట్ల తెలుస్తది నాన్నా?"

"బస్సెక్కి వస్తే తెలుస్తది."

"ఆదివారం వస్త," అంది శ్రీవాణి.

పొద్దుగూకింది. రెండో కిటికీ పక్క మంచం సువర్ణమ్మకు ఇచ్చారు. భాగ్య అనే ఆయమ్మ ఫోటోను మంచానికి ఎదురుగా, ఆవిడ పడుకున్నా కనపడేలా పెట్టింది. తర్వాత బయటికి వచ్చి, "బాబాయ్ గారూ, అన్నాలు పెడుతున్నాం. మీరు ఇక్కడే కూర్చోండి, మీకూ తెస్తాను," అని వరండా బల్ల చూపించింది. రెండు రెక్కల తలుపు. ఒక రెక్క పూర్తిగా మూసి, రెండోది తను రాకపోకలు చేసే మేరకు దగ్గరగా వేసింది.

ఈదయ్య కంచం ఒళ్లో పెట్టుకుని తలుపుకు వీపు చేసి కూర్చున్నాడు. టమాటా పప్పు, కోడిగుడ్డు పులుసు. లోపల గిన్నెల చప్పుడు, ఎవరో దగ్గడం, భాగ్య ఎవరినో "ఇంకో ముద్దండీ, మా అమ్మ కదూ" అని బతిమాలడం. అతను తినకుండా చెవి ఒగ్గి ఉన్నాడు. మూడో మంచమో నాలుగోదో, ఎక్కడి నుంచో స్టీలు గ్లాసు స్టూలు మీద పెట్టిన చప్పుడు. ఖాళీ గ్లాసు చప్పుడు అతనికి తెలుసు.

"ఇంకొన్ని పోయనా అమ్మమ్మ గారూ?" అంది భాగ్య గొంతు.

"పొయ్యి బిడ్డా."

అప్పుడతను అన్నం కలుపుకున్నాడు.

కొంచెం సేపటికి తలుపు రెక్క కదిలి భాగ్య ముఖం బయటికి వచ్చింది. "తిన్నారండి. రెండోసారి కూడా పెట్టించుకున్నారు. అల్లుడు గారు తిన్నారా, పప్పు ఎలా ఉందట, అని అడగమంటున్నారు."

"తింటున్న అని చెప్పమ్మా. పప్పుల ఉప్పు జర తక్కువైంది."

భాగ్య లోపలికి వెళ్లింది. సందులోంచి ఆమె గొంతు స్పష్టంగా వినపడింది. "భలేగా ఉందంటండి అమ్మమ్మ గారూ. ఇంకాస్త వేయమన్నారు."

ఈదయ్య చేతిలో ముద్ద అలాగే ఆగింది. వరండా చూరు కింద చీకటి చిక్కబడుతోంది. ఎక్కడో చర్చిలో సాయంత్రం పాటలు మొదలయ్యాయి. అతనికి నవ్వు వచ్చింది, దానితో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి, రెండిటినీ తుడుచుకోకుండా కూర్చున్నాడు. భాగ్య నిజంగానే గరిటెడు పప్పు తెచ్చి కంచంలో వేసింది. అతను మారు మాట్లాడకుండా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని సంచి భుజాన వేసుకున్నాడు. మిర్యాలగూడకు ఇంకా బస్సుంది. మూసిన రెక్క దగ్గర నిలబడి, "సుమతీ, పోయొస్త. ఆదివారం శ్రీవాణి వస్తదట, చెప్పు," అన్నాడు.

"నిమ్మలంగ పొమ్మను బిడ్డా," అంది లోపలి గొంతు. "బస్సుల కిటికీ కాడ కూసోవద్దను, గాలి తగుల్తది."

భాగ్య పెద్ద దీపం ఆర్పి చిన్నది వేసింది. తర్వాత ఆ రెండో రెక్క గచ్చుకు రాసుకుని కిర్రుమనకుండా రెండు చేతులతో కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేసింది.